ముందు వీపు అడ్డుగా ఉన్నప్పుడు: ఒక స్టీపుల్‌చేజ్ రన్నర్ కేసు

నేను మధ్య, దూరపు పరుగుల కోచ్‌ని. ఈ కేసులో దాదాపు ఏడాదిన్నర పాటు లేని జబ్బుకు మందు వేశాను. అందుకే దీన్ని వివరంగా రాసి పెడుతున్నాను. రాయడానికి రన్నర్ ఒప్పుకున్నాడు. అతని పేరు, రాష్ట్రం, ఉద్యోగం, ఏ సంవత్సరం పోటీ అన్నవి చెప్పను. టైమింగ్‌లను కూడా కొద్దిగా అటూ ఇటూ జరిపాను. వాటి మధ్య తేడాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఈ కేసంతా ఆ తేడాల్లోనే ఉంది.

నేపథ్యం

స్టీపుల్‌చేజ్ అంటే అడ్డంకులు దాటుతూ సాగే పరుగు. పురుషుల 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో 28 బ్యారియర్లు, 7 వాటర్ జంప్‌లు ఉంటాయి. బ్యారియర్ ఎత్తు 91.4 సెంటీమీటర్లు. 110 మీటర్ల పరుగులో వాడే తేలికపాటి హర్డిల్‌కూ దీనికీ పోలిక లేదు. ఇది 80 నుంచి 100 కిలోల బరువుండే దూలం. హర్డిల్‌కు కాలు తగిలితే హర్డిల్ పడుతుంది. బ్యారియర్‌కు కాలు తగిలితే మనిషి పడతాడు. వాటర్ జంప్ దగ్గర ఆ దూలం వెనకాలే 3.66 మీటర్ల పొడవున నీటి గుంట ఉంటుంది. దూలం పక్కన లోతు ఎక్కువ, అక్కడి నుంచి అడుగు ఏటవాలుగా లేచి ట్రాక్ మట్టానికి వస్తుంది.

ఈ కేసు అర్థం కావాలంటే మరొక సంగతి తెలియాలి. 400 మీటర్ల హర్డిల్స్‌లో రెండు హర్డిళ్ల మధ్య దూరం 35 మీటర్లు. ఎవరి లేన్ వారిదే, ఎన్ని అడుగులు వేయాలో ముందే లెక్క. స్టీపుల్‌చేజ్‌లో గుంట ట్రాక్ లోపలి వైపున ఉంటే బ్యారియర్‌కూ బ్యారియర్‌కూ మధ్య సుమారు 79 మీటర్లు వస్తుంది. లేన్లు ఉండవు, వేగం క్షణక్షణం మారుతుంది. 40కి పైగా అడుగులను లెక్కపెట్టుకుని ఎవరూ పరిగెత్తలేరు. బ్యారియర్‌ను చూసి, చివరి కొన్ని అడుగుల్లో కంటితోనే సరిచేసుకోవాలి. ఈ వాక్యాన్ని నేను ఎన్నో శిక్షణ శిబిరాల్లో చెప్పాను. దాని అసలు అర్థం ఈ రన్నర్ వల్లే తెలిసింది.

మన దేశంలో ఈ పోటీకి ఒక బరువు ఉంది. 1981లో గోపాల్ సైనీ నెలకొల్పిన 8:30.88 జాతీయ రికార్డు 37 ఏళ్లు నిలిచింది. 2018లో భువనేశ్వర్‌లో అవినాశ్ సాబ్లే 8:29.80తో దాన్ని దాటాడు. ఆసియా చాంపియన్‌షిప్ పురుషుల పోటీలో 1989లో దీనారామ్ గెలిచిన స్వర్ణం తర్వాత మనకు మరో స్వర్ణం రావడానికి 2025 దాకా, దక్షిణ కొరియాలోని గుమిలో సాబ్లే 8:20.92తో గెలిచేదాకా ఆగవలసి వచ్చింది. ఆ మధ్యకాలంలో జపాన్, ఇరాన్ రన్నర్లతో పాటు కెన్యాలో పుట్టి గల్ఫ్ దేశాల తరఫున పరిగెత్తినవాళ్లనూ ఎదుర్కోవలసి వచ్చింది. దేశంలో గెలిచి అక్కడికి వెళ్లిన మనవాళ్లు చాలామంది తమ సొంత టైమింగ్‌కు పది, పదిహేను సెకన్లు వెనకబడి వచ్చేవారు. 'పెద్ద పోటీ ఒత్తిడి' అనేసి ఊరుకునేవాళ్లం. నేనూ అన్నాను.

ఈ రన్నర్ క్రాస్ కంట్రీ నుంచి వచ్చాడు. మట్టి దారుల్లో పెరిగిన కాళ్లు, గుండె దమ్ము మంచిది. అడ్డంకులు లేని 3000 మీటర్లలో అతని టైమింగ్ 8:04, స్టీపుల్‌చేజ్‌లో 8:38. ఈ రెండింటి తేడా బ్యారియర్ల దగ్గర ఎంత పోగొట్టుకుంటున్నాడో చెబుతుంది. 34 సెకన్ల తేడా గొప్పది కాదు, మరీ చెడ్డదీ కాదు. ఆ అంకెను చూసే అతని టెక్నిక్ గురించి నేను నిశ్చింతగా ఉన్నాను.

సమస్య

అతని మొదటి ఆసియా చాంపియన్‌షిప్‌లో 13 మంది పరిగెత్తారు. అతను తొమ్మిదో స్థానంలో 8:57తో ముగించాడు. అంటే దేశంలో చేసిన దానికంటే 19 సెకన్లు ఎక్కువ.

పందెం అయ్యాక వార్మప్ ట్రాక్ దగ్గర బూట్లు విప్పుతూ ఒకే మాట అన్నాడు. "నాలుగో రౌండ్ నుంచి కాళ్లు బరువెక్కాయి సార్."

ఆ మాట నేను నమ్మాను. సాయంత్రం పూట ఉక్కపోత విపరీతంగా ఉంది. మొదటి కిలోమీటరు నెమ్మదిగా నడిచి, తర్వాత ఒక్కసారిగా వేగం పెరిగింది. వేగం మారినప్పుడు తట్టుకోలేకపోయాడంటే దమ్ము చాలలేదని అర్థం చేసుకున్నాను. ఆ మాట అబద్ధం కాదు, కాళ్లు నిజంగానే బరువెక్కాయి. ఎందుకు బరువెక్కాయని అడగవలసినవాణ్ణి అడగలేదు.

మొదటి ప్రయత్నం

వారానికి 130 కిలోమీటర్ల పరుగును నెమ్మదిగా 155కి తెచ్చాను. కొండ ప్రాంతంలో ఆరు వారాల శిబిరం పెట్టాం. పందెం మధ్యలో వచ్చే కుదుపులకు అలవాటు పడాలని, కిలోమీటరు పరుగుల్లో ప్రతి 300 మీటర్లకూ వేగం మార్చి పరిగెత్తించాను.

ఫలితం బాగానే కనిపించింది. 3000 మీటర్లు 8:04 నుంచి 7:59కి వచ్చింది. దేశంలో జరిగిన పోటీలో ముందుండి పరిగెత్తి స్టీపుల్‌చేజ్ 8:34 చేశాడు. తర్వాత విదేశంలో ఒక ఆహ్వాన పోటీకి పంపాం. అక్కడ గుంపులో పరిగెత్తి 8:53 చేశాడు.

ఆ రాత్రి కాగితం మీద రెండు వరుసలు రాసుకున్నాను. మొదటి ఏడాది: 8:38, 8:57. రెండో ఏడాది: 8:34, 8:53. రెండుసార్లూ తేడా 19. దమ్ము పెరిగేసరికి రెండు టైమింగ్‌లూ నాలుగేసి సెకన్లు తగ్గాయి, వాటి మధ్య తేడా మాత్రం కదలలేదు. దమ్మే కారణమైతే అది కొంతైనా తగ్గాలి కదా. ఆ 19 సెకన్లు మరెక్కడో ఉన్నాయి. ఉక్కపోత అనడానికీ వీల్లేదు, రెండో పోటీ చల్లటి ఊళ్లో జరిగింది.

రెండో ప్రయత్నం

అప్పుడు బ్యారియర్ టెక్నిక్ మీద పడ్డాను. హర్డిల్స్ కోచ్ ఒకరిని బతిమాలి మూడు నెలలు మాతో ఉంచుకున్నాం. తుంటి వశ్యత, వెనక కాలు మడిచే తీరు, దూలం మీదుగా ఎంత తక్కువ ఎత్తులో వెళ్లాలి వంటివన్నీ ఓపికగా నేర్పారు. అందంగా దాటడం నేర్చుకున్నాడు. చూస్తుంటే ముచ్చటేసేది. దేశంలో టైమింగ్ 8:33 అయింది. మూడు నెలలకు ఒక సెకను.

ఈ దశను పూర్తిగా వృథా అనను. తర్వాత చేసిన పనికి ఇది పునాది అయింది. కానీ అప్పుడు మేం నేర్పిందంతా ఖాళీ ట్రాక్ మీద, ఎదురుగా బ్యారియర్ స్పష్టంగా కనిపిస్తుండగా నేర్పాం. అతనికి ఆ పరిస్థితిలో ఇబ్బంది ముందు నుంచీ పెద్దగా లేదు.

మూడో ప్రయత్నం

గుంపులో నష్టపోతున్నాడని తేలింది కనుక గుంపులోనే ఉండొద్దని చెప్పాను. తుపాకీ పేలగానే ముందుకు వెళ్లు, నీ వేగం నువ్వే పెట్టుకో అన్నాను.

ఈ ఆలోచనకు సాబ్లే ఉదాహరణ నా కళ్ల ముందు ఉంది. 2022 జులైలో యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చాలా నెమ్మదిగా సాగి, అతను 8:31.75తో 11వ స్థానంలో మిగిలాడు. కొన్ని వారాలకే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో వేగంగా సాగిన పందెంలో 8:11.20 చేసి, సెకనులో 5 వందో వంతుల తేడాతో స్వర్ణం పోగొట్టుకుని రజతం తెచ్చాడు. నెమ్మది పందెం మనవాడికి నప్పదు, వేగంగా నడిపితే నప్పుతుంది అని నేను తీర్మానించేశాను. ఆ పాఠాన్ని సగమే చదివాను. 8:11 చేయగలవాడు పోటీని వేగంగా నడిపితే వెనకవాళ్లు రాలిపోతారు. 8:33 చేసేవాడు నడిపితే అతని వెనక హాయిగా నీడ పట్టినట్టు పరిగెత్తి, చివర్లో దాటిపోతారు.

అదే జరిగింది. ఒక పోటీలో అయిదు రౌండ్లు ముందుండి నడిపాడు. ఆరో రౌండ్‌లో ఏడుగురు ఒకరి తర్వాత ఒకరు దాటారు. వాళ్లు దాటిన వెంటనే వచ్చిన బ్యారియర్ దగ్గరే నేను నిలబడి ఉన్నాను. ఏడాదిన్నరలో మొదటిసారి ఆ దృశ్యాన్ని అంత దగ్గరి నుంచి చూశాను. ఎదురుగా ఇద్దరి వీపులు. మా వాడి భుజాలు పైకి లేచాయి, అడుగులు చిన్నవయ్యాయి, టకటకమని మూడు నాలుగు పొట్టి అడుగులు వేసి, దాదాపు ఆగినట్టై, కుడి కాలు ముందు పెట్టి దాటాడు. రెండు నెలలుగా ముచ్చటపడి చూస్తున్న రన్నర్ అతనేనా అనిపించింది.

అసలు సమస్య ఎలా తేలింది

మొదటి ఆసియా చాంపియన్‌షిప్‌ను ప్రేక్షకుల స్టాండ్ నుంచి మా సహచరుడు ఒకరు ఫోనులో తీశారు. ఆ వీడియో ఏడాదిన్నరగా నా దగ్గరే ఉంది. ఫలితం కోసం చూశాను గాని, అడుగుల కోసం ఎప్పుడూ చూడలేదు. సెకనుకు 30 ఫ్రేములు. రెండు రాత్రులు కూర్చుని, ప్రతి బ్యారియర్ ముందు చివరి అయిదు అడుగులకు ఎన్ని ఫ్రేములు పట్టాయో రాసుకున్నాను. పక్క గడిలో, అతని ముందు రెండు మీటర్ల లోపు మనిషి ఉన్నాడా లేడా అని రాశాను.

మొదటి మూడు రౌండ్లు లోపలి గీత దగ్గర, గుంపు మధ్యలో పరిగెత్తాడు. ఆ మూడు రౌండ్లలో 12 బ్యారియర్లు, 3 వాటర్ జంప్‌లు, మొత్తం 15 దాటడాలు. వాటిలో 13 సార్లు అడుగులు తడబడ్డాయి. ఆ 13 సార్లూ ముందు ఒక వీపు ఉంది. తడబడని రెండుసార్లు ముందు ఖాళీ ఉంది. ఎప్పుడూ కుడి కాలే ముందు.

నాలుగో రౌండ్ నుంచి రెండో లేన్‌కు జరిగాడు. అక్కడ బ్యారియర్ కనిపిస్తోంది, అడుగులు సర్దుకున్నాయి. కానీ ఒక లేన్ బయటగా పూర్తి రౌండ్ పరిగెత్తితే సుమారు ఏడున్నర మీటర్లు అదనం. నాలుగు రౌండ్లకు 30 మీటర్లు, అతని వేగానికి అయిదు సెకన్ల పైమాటే. లోపల ఉంటే కనిపించదు, బయటికి వస్తే దూరం పెరుగుతుంది. పాపం, ఎవరూ నేర్పకుండానే ఆ రెండింటి మధ్య బేరం ఆడుకుంటూ పరిగెత్తాడు. నాలుగో రౌండ్ నుంచి కాళ్లు బరువెక్కడానికి కారణం ఇదే. పదమూడు సార్లు దాదాపు ఆగి, మళ్లీ వేగం అందుకున్న కాళ్లవి.

వీడియో ఊహను ఇస్తుంది, కొలత ఇవ్వదు. అందుకని మైదానంలో పరీక్ష పెట్టాం. బ్యారియర్‌కు ముందు పది మీటర్లు, తర్వాత పది మీటర్లు గుర్తులు పెట్టి, ఆ 20 మీటర్లకు ఎంత పడుతుందో కొలిచాం. అడ్డంకి లేకుండా పందెపు వేగంతో 3.5 సెకన్లు. ఒంటరిగా బ్యారియర్ దాటితే 3.9. ముందు ఆరుగురు జూనియర్లను పరిగెత్తించి వాళ్ల వెనక దాటిస్తే 4.3. వాటర్ జంప్‌లో ఒంటరిగా 4.4, గుంపులో 5.2.

లెక్క వేస్తే, గుంపులో ఉన్న మూడు రౌండ్లలో బ్యారియర్ల దగ్గర 4.8 సెకన్లు, నీళ్ల దగ్గర 2.4 పోయాయి. బయటి లేన్‌కు అయిదు. మొత్తం 12 సెకన్లకు లెక్క దొరికింది. మిగతా ఏడు అలసటవి, ఉక్కపోతవి, నెమ్మదిగా సాగిన మొదటి కిలోమీటరువి కావచ్చు. వాటిని వేరు చేసే ఉపాయం నా దగ్గర లేదు. 12 సెకన్ల జాడ తెలిశాక ఏడింటి కోసం ఆగనక్కర్లేదనుకున్నాను.

దేశీయ పోటీల్లో ఇది ఎందుకు కనిపించలేదో ఇప్పుడు చెప్పడం తేలిక. అక్కడ అతను ముందుండేవాడు, ఎదురుగా ఎప్పుడూ ఖాళీయే. ఖండస్థాయి పోటీలో వేగం పెట్టే పేస్‌మేకర్ ఉండడు. పతకమే గురి కనుక ఎవరూ ముందుకు రారు, పదిమందికి పైగా ఒక ముద్దగా కదులుతారు. ప్రపంచ స్థాయిలోనూ ఇంతే. ప్రపంచ రికార్డు 7:52.11 కాగా, 2025 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 8:33.88తో గెలిచారు. అలాంటి పందెంలో ఎంత వేగంగా పరిగెత్తగలవన్న దానితో పాటు, ఇరుకులో ఎంత కుదురుగా దాటగలవన్నది కూడా పరీక్షకు వస్తుంది.

ఇంకొక్కటి మిగిలింది. వాటర్ జంప్ దగ్గర నష్టం రెట్టింపు ఎందుకు? ఒక ఉదయం వ్యాయామం అయ్యాక ఇద్దరమే కూర్చున్నప్పుడు అడిగాను.

"నీళ్లలో ఎప్పుడైనా పడ్డావా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ప్యాంటు పైకి లాగి మోకాలి మీద మచ్చ చూపించాడు. "పందొమ్మిదేళ్లప్పుడు సార్. ఏడు కుట్లు. భయం పడ్డందుకు కాదు, లేచేలోపు వెనకవాడి స్పైక్స్ నా చేతి మీద పడ్డాయి."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"భయమని తెలిస్తే టీములోంచి తీసేస్తారనుకున్నాను సార్."

నాతో రెండేళ్లుగా రోజూ రెండు పూటలా ఉంటున్నవాడు ఈ మాట అనడం నన్ను చాలా రోజులు వెంటాడింది. కోచ్‌గా నేను తెలుసుకోవలసింది కూడా అందులోనే ఉంది. అతని భయం నీళ్లంటే కాదు, ముందున్నవాళ్లంటే కూడా కాదు. వెనకాల వచ్చేవాళ్లంటే. గుంటలో దిగగానే రెండు పాదాలూ ఆనించి, తల కొద్దిగా తిప్పి, పక్కకు తప్పుకుంటున్నాడు. వీడియోలో అది ముందే కనిపించింది. టెక్నిక్ లోపమని రాసుకున్నాను.

ఏమి పనిచేసింది

మొదట చూపు. ఇక్కడ చిన్న లెక్క మాకు దారి చూపింది. పందెం వేగంలో అతని అడుగు దాదాపు 1.85 మీటర్లు. దాటడానికి ముందు అడుగు సరిచేసుకోవాలంటే కనీసం మూడు అడుగులు కావాలి, అంటే అయిదున్నర మీటర్ల ముందే బ్యారియర్ కనిపించాలి. ముందు మనిషి రెండు మీటర్ల దూరంలో ఉంటే, అతను లేచాక మనకు మిగిలేది ఒక్క అడుగు. ఒక్క అడుగులో ఏమీ సర్దుకోలేం. పోనీ ఆరు మీటర్లు వెనక ఉండమంటే ఆ సందులోకి ఇద్దరు దూరతారు. కాబట్టి దూరం పెంచకుండా చూపు సంపాదించాలి.

బ్యారియర్ వెడల్పు 3.94 మీటర్లు, మూడు లేన్ల మీదుగా ఉంటుంది. గుంపులో ఉన్నా దాని బయటి కొన ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. దూలానికి చారలుగా రంగు వేస్తారు, కొన తేలిగ్గా కంట పడుతుంది. అతనికి చెప్పింది ఇంతే: ముందువాడి వీపు వెనక సరిగ్గా ఉండకు, ఒక భుజం వెడల్పు కుడికి జరుగు. ఎదురుగా బ్యారియర్ కోసం వెతకకు, కుడి కంటి చివర చారల కొనను పట్టుకో. భుజం వెడల్పు జరిగితే రౌండుకు మూడు మీటర్లు కూడా అదనం కాదు. పూర్తి లేన్ బయటికి పోవడంతో పోలిస్తే ఇది చౌక బేరం.

ఇది చెప్పినంత త్వరగా రాలేదు. మొదటి వారం నడకతో మొదలుపెట్టాం. ఇద్దరు జూనియర్లు ముందు, అతను వెనక. తర్వాత మెల్లటి పరుగు. మూడో వారంలో నలుగురు, ఆరో వారంలో ఆరుగురు. తర్వాత నేను ఈల వేసినప్పుడల్లా ముందువాళ్లు వేగం మార్చాలని నియమం పెట్టాను. ఎక్కడ ఈల వేస్తానో జూనియర్లకు కూడా తెలియదు. ఈ అభ్యాసంలో అతను తిట్టుకున్న రోజులు ఉన్నాయి. ఒక రోజు బ్యారియర్ ముందు నిజంగానే ఆగిపోయి, వెనక్కి నడిచి వెళ్లి, మళ్లీ వరుసలో చేరాడు. ఆ రోజు నేనేమీ అనలేదు.

రెండోది ఎడమ కాలు. ఎప్పుడూ కుడి కాలే ముందు రావాలంటే, లెక్క తప్పినప్పుడు సర్దుకోవలసిన దూరం ఎక్కువ. రెండు కాళ్లూ వస్తే అది సగానికి తగ్గుతుంది. ఇందులో నేను తొందరపడ్డాను. సున్నా నుంచి వారానికి 60 దాటడాలకు ఒక్కసారిగా తీసుకెళ్లాను. ఎడమ కాలు ముందు పెడితే దిగడం కూడా ఎడమ కాలి మీదే కదా. నాలుగో వారానికి ఎడమ ముంగాలి ఎముక నొప్పి మొదలై, మూడు వారాలు పరుగు ఆగింది. ఇది పూర్తిగా నా తప్పు. తిరిగి మొదలుపెట్టినప్పుడు పచ్చిక మీద, మహిళల బ్యారియర్ ఎత్తు అయిన 76 సెంటీమీటర్లకు దుంగ అమర్చి, వారానికి 12తో ఆరంభించాం. పూర్తి ఎత్తుకు రావడానికి రెండు నెలలు పట్టింది. మొదటే అలా చేసి ఉంటే ఆ మూడు వారాలు మిగిలేవి.

మూడోది, తప్పించుకునే దారి. ఎంత నేర్చుకున్నా ఇరుకులో ఒకటి రెండుసార్లు లెక్క తప్పుతుంది. అప్పుడు తడబడుతూ ఆగే బదులు దూలం మీద పాదం పెట్టి దాటేయమన్నాం. నిబంధనలు దానికి ఒప్పుకుంటాయి. మా కొలతల్లో అలా దాటితే 4.1 సెకన్లు పట్టింది. శుభ్రంగా దాటడం కంటే నెమ్మది, తడబడి దాటడం కంటే మేలు. 'తప్పినా దారి ఉంది' అన్న ధైర్యమే అతని తడబాటును సగం తగ్గించిందని నా నమ్మకం. దాన్ని అంకెల్లో చూపలేను.

నీళ్ల సంగతి వేరు. మేం అభ్యాసం చేసే మైదానంలో గుంట ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి, ఆకులతో నిండి ఉండేది. స్టీపుల్‌చేజ్ కోచ్‌లకు ఇది కొత్త కాదు. లాంగ్ జంప్ ఇసుక గుంట ముందు బ్యారియర్ పెట్టి, దూలం మీద పాదం పెట్టి, మూడు మీటర్ల గీత దగ్గర ఒక కాలి మీదే దిగి, రెండో కాలితో ఇసుకలోంచి పరిగెత్తుతూ బయటికి రావడం నేర్పాం. పూర్తిగా గుంట దాటి పొడి నేల మీద దిగాలనే తపన మాన్పించాం. చివర్లో చీలమండ లోతు నీళ్లలో దిగితే దెబ్బ తగ్గుతుంది, దూకడానికి శక్తి తక్కువ పడుతుంది. రెండు వారాలకోసారి, నీళ్లున్న గుంట కోసం మరో ఊరికి రైల్లో వెళ్లేవాళ్లం.

అక్కడ మొదటి రోజు దూకనివ్వలేదు. గుంటలో నిలబడమన్నాం. తర్వాత నడిచి బయటికి రమ్మన్నాం. తర్వాత వెనకాల ఒక జూనియర్, ఆపై ఇద్దరు, ముగ్గురు. దిగగానే ఎవరు ఏ గీత మీదుగా బయటికి రావాలో ముందే ఒప్పుకున్నారు. "నువ్వు నేరుగా వస్తే వెనకవాడికి నువ్వు ఎక్కడుంటావో తెలుస్తుంది. పక్కకు తప్పుకుంటేనే తొక్కుతాడు" అని చెప్పాను. ఇది ఓదార్పు మాట కాదు. వెనకవాడు ముందువాడి దారిని అంచనా వేసే దూకుతాడు. అది అర్థమయ్యాక తల తిప్పడం క్రమంగా మానేశాడు.

గాయం విరామం పోను 14 వారాలకు మళ్లీ కొలిచాం. గుంపులో బ్యారియర్ 4.3 నుంచి 4.0కి, వాటర్ జంప్ 5.2 నుంచి 4.6కి వచ్చాయి. ఒంటరిగా చేసే అంకెలు దాదాపు మారలేదు.

తర్వాతి చాంపియన్‌షిప్

అప్పటికి దేశంలో అతని టైమింగ్ 8:31. ఆసియా చాంపియన్‌షిప్‌లో మళ్లీ నెమ్మది ఆరంభం, మళ్లీ గుంపు. మొదటి మూడు రౌండ్లు నేను బ్యారియర్లను తప్ప మరేమీ చూడలేదు. లోపలి గీతకు భుజం వెడల్పు బయట, ఏడో స్థానంలో కుదురుగా ఉన్నాడు. అయిదో రౌండ్‌లో అతని ముందున్న రన్నర్ మోకాలు దూలానికి తగిలి కింద పడ్డాడు. అలాంటి క్షణంలో ఎంత గొప్పవాడైనా ఏమీ చేయలేకపోవచ్చు. పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ చివరి రౌండ్‌లో ప్రపంచ రికార్డు ఉన్న లమేచా గిర్మా బ్యారియర్ దగ్గర పడిపోయిన దృశ్యం నాకు వెంటనే గుర్తొచ్చింది. మా వాడు ఎడమ పాదం దూలం మీద పెట్టి, పడిన మనిషిని దాటి అవతల దిగాడు. ఒక అడుగు తూలాడు, అంతే. ఆ ఎడమ కాలికి మేం అయిదు నెలలు ఖర్చు పెట్టాం.

8:36, ఆరో స్థానం. దేశీయ టైమింగ్‌కూ దీనికీ తేడా 19 నుంచి 5కి తగ్గింది. పతకం రాలేదు. చివరి రౌండ్‌లో పతకం తెచ్చుకున్నవాళ్లు అతనికంటే మూడు సెకన్లు వేగంగా పరిగెత్తారు. అది నిజంగా కాళ్ల వేగం సమస్య, దానికి వేరే వైద్యం కావాలి.

ఈసారి బూట్లు విప్పుతూ అతను కాళ్ల గురించి మాట్లాడలేదు. "ఆరో రౌండ్‌లో నీళ్ల దగ్గర ముందు ఎవరున్నారో గుర్తులేదు సార్. చారలు మాత్రం కనిపించాయి" అన్నాడు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ముందుండి గెలిచినవాడి టైమింగ్ అతని దమ్మును చెబుతుంది గాని, గుంపులో అతను ఏమవుతాడో చెప్పదు. అందుకే ఇప్పుడు మా దగ్గర ప్రతి స్టీపుల్‌చేజ్ రన్నర్‌ను రెండు విధాలుగా కొలుస్తున్నాం, ఒంటరిగా ఒకసారి, ఆరుగురి వెనక ఒకసారి. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక ఫోను, నాలుగు గుర్తులు, ఓపికగా ముందు పరిగెత్తే ఆరుగురు పిల్లలు చాలు. ఆ ఆరుగురికీ మేలే జరిగింది. వీపుల వెనక దాటడం వాళ్లు పదహారేళ్లకే నేర్చుకుంటున్నారు, ఇద్దరికి రెండు కాళ్లూ సమానంగా వస్తున్నాయి.

రన్నర్ చెప్పే కారణాన్ని నేనిప్పుడు లక్షణంగా రాసుకుంటున్నాను, నిర్ధారణగా కాదు. 'కాళ్లు బరువెక్కాయి' అన్నది ఎంత నిజమో, దాని వెనక ఉన్నది అంతకంటే నిజం. తేడా మారకపోతే శిక్షణ పెంచడం ఆపి, ఆ తేడా ఎక్కడ పుడుతోందో వెతకాలన్నది కూడా నేను ఏడాదిన్నర ఆలస్యంగా నేర్చుకున్నదే. రెండో ఏడాది కూడా 19 వచ్చిన రాత్రే పాత వీడియో తీసి చూసి ఉండవలసింది.

శిబిరానికి కొత్తగా వచ్చేవాళ్లు మొదటి రోజు నింపే కాగితంలో ఒక ప్రశ్న చేర్చాను: 'ఎప్పుడైనా పడ్డావా, ఎక్కడ?' జవాబు ఏదైనా టీము ఎంపికతో సంబంధం ఉండదని దాని కిందే పెద్ద అక్షరాలతో రాయించాను. మొన్న వచ్చిన ఒక కుర్రవాడు ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. చివరికి 'నీళ్లలో, రెండుసార్లు' అని రాశాడు. ఆ వారమే ఈ కేసులోని రన్నర్ అతన్ని వెంటబెట్టుకుని రైల్లో ఆ ఊరికి తీసుకెళ్లి, ముందుగా తనే గుంటలోకి దిగి, పక్కన నిలబడమని పిలిచాడు.